నూరు కోళ్ళకు ఒక సీసా



హైదరాబాదులో స్థిరపడిన మా బంధువొకరు ఈ మధ్య వచ్చి రెండు రోజులు మా ఇంట ఉండి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు బస్సు కోసము నిలబడి, “ఇక్కడ మీకు పొద్దెలా పోతుందండీ?” అని అడిగారు. మంచి మనసుతోనే అడిగారు. మేము నవ్వి ఊరుకున్నాము. మాకు పొద్దు పోకపోవడము కాదు, చాలకపోవడమే కష్టముగా ఉన్నది. తెల్లవారుజామున నాలుగున్నరకు పుంజు లేపుతుంది. గూడు తలుపు తీయాలి, నూకలు చల్లాలి, దొంగచాటుగా గుడ్లు పెట్టే పెట్ట ఏ గడ్డిమేటులో దూరిందో వెతకాలి. సాయంత్రము ఎండ తగ్గాక బండి తీసి కాలువ గట్టు మీద రెండు మూడు ఊళ్ళు తిరిగి రావాలి. ఈ నెల ఆ కోళ్ళను గూర్చి, ఆ బండిని గూర్చి వ్రాస్తాము.

మేముండేది పశ్చిమ గోదావరి జిల్లాలో, పాలకొల్లుకు నరసాపురానికి నడుమ ఒక చిన్న గ్రామము. ఊరి పక్కనే కాలువ. దవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తయినది మొదలు గోదావరి నీరు ఇలాంటి కాలువల వెంబడే మా చేలకు చేరుతున్నది. గట్టు మీద కొబ్బరిచెట్లు, అక్కడక్కడ నిద్రగన్నేరు చెట్లు. బండి తిప్పడానికి ఇంతకంటె మంచి దారి మేము ఎక్కడా చూడలేదు.

మా బండి పాత హీరోహోండా. ఆ పేరుతో కొత్త బండ్లు రావడము మానివేసి చాలా ఏండ్లయినది. మాకంటె ముందు ఒక ఉపాధ్యాయుడు వాడి, పదవీ విరమణ చేశాక మాకు అమ్మారు. ముప్పై దాటితే పక్క రేకు ఒకటి గలగల మోగుతుంది. బాగుచేయిద్దామని చాలాసార్లు అనుకున్నాము గాని, ఇప్పుడు ఆ మోత ఉంటేనే మంచిదనిపిస్తున్నది. అది మోగగానే చేయి తనంతట తానే తగ్గిస్తుంది.

ముప్పైలో పోతే కనబడేవి అరవైలో పోతే కనబడవు. డిసెంబరులో సార్వా కోతలు అయిపోయిన చేలలో బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజలు ఏరుకుంటూ వెళ్తాయి. వాటి వెనుక ఒక పొడవాటి కర్ర పట్టుకుని మనిషి, అతని భుజాన ఒక గొడుగు. సంక్రాంతి నాటికి అవే చేలు దాళ్వా నాట్లకు సిద్ధము. ఏప్రిల్‌లో కాలువ కట్టివేశాక అడుగున మిగిలిన బురద నీళ్ళలో పిల్లలు చేపలు పడుతూ, ఒంటి నిండా మట్టితో, మా బండికి సలాము కొడతారు. రొయ్యల చెరువుల దగ్గర మాత్రము కొంచెము ముక్కు మూసుకుని దాటుతాము. ఆ చెరువులవారు ఈ పత్రిక చదువుతారని తెలుసు, మన్నించాలి.

మెల్లగా పోవడములో ఇంకొక సంగతి ఉన్నది. ఎవరైనా ఆపగలరు. “అయ్యగారండీ, ఒక్క నిమిషం” అని చేయి ఎత్తితే చాలు. ఒకరు బ్యాంకు నుండి వచ్చిన కాగితము చూపిస్తారు. ఒకరు పాలకొల్లు వెళ్తున్నారా, మోకాలి నొప్పికి మాత్రలు తెస్తారా అంటారు. ఒకరు ఏమీ అడగరు. గట్టున నిలబడి వానల సంగతి మాట్లాడి, బండి మళ్ళీ తీసేటప్పుడు, కొడుకు గల్ఫు నుండి మూడు నెలలుగా ఫోను చేయలేదని చెబుతారు. గంట పట్టే దారి రెండు గంటలు పడుతుంది. “మన బండికి బ్రేకులు మనము వేయము, ఊరివాళ్ళే వేస్తారు” అని మా గృహిణి అంటుంది.

ఇక్కడ ఒక మాట. మెల్లగానే వెళ్తున్నాము కదా అని హెల్మెట్ ఇంటి దగ్గర వదలకండి. వెనుక కూర్చునే స్త్రీలు కొంగు ఒడిలోకి లాగి పట్టుకోవాలి. చక్రము పక్కనుండే కమ్మీ చీర కోసమే పెట్టినది. బండి కొన్నవారు అందము కోసమని దానిని ఊడదీయించడము మేము చూశాము.

ఇక కోళ్ళ సంగతి. మేము ఈ ఊరికి వచ్చినప్పుడు మాకు కోళ్ళను గూర్చి ఏమీ తెలియదు. నేర్పినది మా వెనకింటి మామ్మగారు. ఆమెకు డెబ్బై దాటాయి, ఒంటరి మనిషి. మా పెరడుకు ఆమె పెరడుకు నడుమ దడి లేదు. అందుచేత కోళ్ళు కూడా ఎవరివి ఎవరివో చీకటి పడి గూళ్ళు చేరేవరకు తేలదు. పెట్ట పొదుగుడుకు వచ్చినదని ఎలా తెలుస్తుందో ఆమె చూపించారు. ఈకలు ఉబ్బించి, గుర్రుమని, చేయి పెడితే పొడిచి, గూడు వదలదు. పాత గంపలో ఊక పోసి పదకొండో పదమూడో గుడ్లు పెట్టాలి, సరి సంఖ్య పెట్టకూడదు అంటారు ఆమె. ఏడవ రాత్రి చీకటిలో గుడ్డు వెనుక టార్చి వేసి చూస్తే, పిల్ల కట్టిన గుడ్డులో సాలెగూడు లాంటి ఎర్రని నరాలు కనబడతాయి. కట్టనిది తేటగా ఉంటుంది, తీసివేయవచ్చును. ఇరవై ఒకటవ రోజున లోపలి నుండి టిక్కు టిక్కుమని చప్పుడు. ఆ రోజు మా పిల్లలు బడికి వెళ్ళడానికి ఎంత గొడవ చేస్తారో చెప్పలేము.

ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని ఆమె గంపలో ఒక ఇనుప మేకు, ఒక ఎండు మిరపకాయ పెడతారు. “మామ్మగారూ, మేకుకు ఉరుము భయపడుతుందా?” అన్నాము ఒకసారి. “భయపడదేమో అయ్యగారండీ, కాని మేకు పెట్టిన గంపలో నాకెప్పుడూ మురగలేదండి” అన్నారు. మేము ఆ మేకు తీసివేశాము. తరువాత చూస్తే మళ్ళీ ఉన్నది. ఆ వాదము ఇంకా తెగలేదు.

హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటి పెంపకము కోసము తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ రకములను గూర్చి విని, గ్రామప్రియ పిల్లలు పది తెచ్చాము. గుడ్లు బాగా పెట్టాయి, నాటు పెట్టకంటె ఎన్నో రెట్లు. కాని పెట్టి, ఊరంతా వినబడేలా కేక వేసి, ఆ గుడ్డును మరచిపోతాయి. పొదగడము వాటికి రాదు. అందుకని ఇంట ఒకటి రెండు నాటు పెట్టలు ఉండవలసిందే. ఒకసారి నాటు పెట్ట కింద బాతు గుడ్లు పెట్టాము. ఇరవై ఎనిమిది రోజులు ఓపికగా కూర్చున్నది. పిల్లలు దిగిన వారానికి అవి కాలువలోకి దూకితే, గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తుతూ ఆ తల్లి అరిచిన అరుపు ఇప్పటికీ గుర్తున్నది.

ఇన్ని సంతోషములు వ్రాసి, 2023 ఫిబ్రవరి సంగతి వ్రాయకపోతే అది సగము మాటే అవుతుంది.

ఆ నెల మా ఇంటికి చుట్టములు రావలసి ఉండి, సంతకు వెళ్ళాము. డేగ రంగు పెట్ట ఒకటి కంటికి నచ్చినది. బేరము కుదిరినది. కాళ్ళు కట్టి, సంచిలో పెట్టి, తల బయటకు ఉంచి, హ్యాండిలుకు తగిలించుకుని కాలువ గట్టు మీద షికారుగా వచ్చాము. ఇంటికి వచ్చాక, ఇంత అందమైన కోడిని కోయడానికి ఎవరికీ మనసు ఒప్పలేదు. చుట్టములకు పప్పు, వంకాయ కూరతో సరిపెట్టి, ఆ సాయంత్రమే దానిని మా కోళ్ళలో వదిలాము.

నాలుగవ రోజున అది మూలకు చేరి ఈకలు ముడుచుకున్నది. ఆకుపచ్చగా, సున్నము కలిసినట్లు రెట్ట వేసినది. నోరు తెరిచి ఊపిరి తీసినది. మరునాటికి పోయినది. తరువాత మావి ఒక్కొక్కటే. కాళ్ళు పడిపోయి ఒకటి, మెడ మెలిపడి వెనక్కు తిరిగిపోయి ఒకటి. ఒక పెట్ట నూక గింజను పొడవబోయి గురి తప్పి నేలను పొడిచేది. మళ్ళీ పొడిచేది, మళ్ళీ తప్పేది. మా చిన్నవాడు గింజ అరచేతిలో పెట్టి దాని ముక్కు దగ్గర పట్టుకున్నాడు. అప్పుడూ అందుకోలేకపోయినది. పది రోజులలో పద్నాలుగు కోళ్ళలో మూడు మిగిలాయి.

మామ్మగారివి తొమ్మిది. తొమ్మిదీ పోయాయి.

పట్నములో ఉన్నవారికి ఇది చిన్న నష్టముగా కనబడవచ్చును. ఆమెకు వచ్చే పింఛను బియ్యము, పప్పు వగైరాలకు సరిపోతుంది. నాటు గుడ్లు అమ్మిన డబ్బులతో బి.పి. మాత్రలు కొనుక్కుంటారు, మనుమరాలు వస్తే గాజులు కొనిపెడతారు. ఎవరినీ చేయి చాచి అడగకుండా ఆమె ఖర్చు పెట్టుకోగలిగిన సొమ్ము అదొక్కటే. అది మా పెరటి నుండి వెళ్ళిన తెగులుతో పోయినది. మేము ఆ మాట ఆమెతో అనడానికి మూడు రోజులు పట్టినది. ఇతరులకు ఎన్నో చెప్పే మాకు, మా తప్పు ఒకటి చెప్పుకోవడానికి మూడు రోజులు.

“మామ్మగారూ, ఆ సంత కోడిని మేము తేకుంటే మీవి బ్రతికేవి” అన్నాము చివరకు.

ఆమె చేట పక్కన పెట్టి, “నాకు తెలుసునండి. మీవీ పోయాయి కదండి, మీతో ఏమనమంటారు?” అన్నారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మా గృహిణి ఆ రాత్రి అన్నము తినలేదు.

మూడింటినైనా బ్రతికించుకుందామని పశువుల ఆసుపత్రికి వెళ్ళాము. డాక్టరుగారు లక్షణములు విని, “కొక్కెర తెగులు” అన్నారు. రాణీఖేత్ అని కూడా అంటారు. ఇంగ్లండులో న్యూకాజిల్ పట్టణము దగ్గర 1926లో గుర్తించారు గనుక అక్కడ దానికి ఆ ఊరి పేరు. మన దేశములో ఆ వెంటనే హిమాలయ కొండలలోని రాణీఖేత్ దగ్గర కనబడినది గనుక ఈ పేరు. వైరసు. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉన్నది. కొత్త కోడిని తెస్తే కనీసము మూడు వారములు విడిగా, వేరే గంప కింద, వేరే చిప్పతో ఉంచి చూడాలి. చచ్చిన కోడిని కాలువలో వేయకూడదు. లోతుగా గొయ్యి తీసి సున్నము చల్లి పూడ్చాలి. జబ్బు పడినదానిని చవకగా అమ్మివేయడము ఇంకొక ఇంటికి తెగులు అమ్మడమే. ఈ సంగతులన్నీ పది రోజుల ముందు తెలిసి ఉంటే!

“టీకా ఇవ్వండి” అన్నాము.

“సీసా నూరు కోళ్ళకు వస్తుందండి. మీకు ఎన్ని ఉన్నాయి?”

“మూడు.”

ఆయన నవ్వలేదు. “తెరిచి నీళ్ళమందులో కలిపాక రెండు గంటలలో వాడివేయాలి. మూడింటి కోసము తెరిస్తే తొంభై ఏడు పారబోసినట్లే. ఊరిలో తెగులు పూర్తిగా తగ్గి, కొత్త పిల్లలు ఎదిగాక, నూరు కోళ్ళు లెక్కచూసి చెప్పండి” అన్నారు.

పల్లెలో నూరు కోళ్ళున్న ఇల్లు ఎక్కడ ఉన్నది? ఒకరికి నాలుగు, ఒకరికి ఏడు. మామ్మగారికి అప్పటికి సున్న. టీకా ఉన్నా మాకు అందకపోవడానికి కారణము ధర కాదు, సీసా కొలత. అది ఊరికి సరిపోతుంది, ఇంటికి సరిపోదు.

ఆ సెప్టెంబరులో ఒక నోటుపుస్తకము తీసుకుని బండి మీద లెక్కకు బయలుదేరాము. అలవాటు చొప్పున మా సంఘపు ఇండ్లకే వెళ్ళాము. యాభై ఎనిమిది తేలాయి. ఇంటికి వచ్చి “చాలలేదు” అంటే, మా గృహిణి పుస్తకము చూసి, “తెగులు మన హాజరు పట్టీ చూసుకుని వస్తుందా?” అన్నది. మాకు ఏమనడానికీ తోచలేదు. మరునాడు పుంత అవతలి ఇండ్లకు, రామాలయము వీధికి, చెరువు గట్టు మీది పాకలకు కూడా వెళ్ళాము. రోజూ ఆ ఇండ్ల ముందు నుండే బండి మీద వెళ్తున్నాము గనుక ముఖములు తెలిసినవే. గడప దగ్గర కూర్చోవడము మాత్రము చాలా చోట్ల అదే మొదటిసారి. అన్నీ కలిపి నూట ముప్పై ఒకటి. అందులో ఎనిమిది వారములు నిండని పిల్లలకు ఆ సూది వేయకూడదు, వాటికి ముందుగా కంటిలో వేసే చుక్కల మందు వేరే ఉన్నది. అలాంటివి ముప్పై నాలుగు. పోగా తొంభై ఏడు. ఒక సీసాకు సరిగ్గా సరిపోయినట్లే.

ఆ లెక్కలో పదహారు ఒక్క మనిషివి. సంక్రాంతి పందెములకు పుంజులను మేపే ఆసామి. ఆయన ఇంటి ముందు నుండి వెళ్ళేటప్పుడు మేము తల తిప్పుకునేవారము, ఆయనా అంతే. ఆ రోజు ఆగి సంగతి చెబితే, “నా పుంజులకు ఎప్పటి నుండో వేయిస్తున్నానండి. మీరు అడగరు, నేను చెప్పను” అన్నారు. తనవాటికి మళ్ళీ వేయించవలసిన సమయము వచ్చినదని మా లెక్కలో కలిశారు. ఐసుపెట్టె కూడా ఆయన దగ్గరే ఉన్నది. ఇచ్చారు.

టీకా తెచ్చిన సాయంత్రము మాత్రము మేము ముప్పై దాటాము. ఐసుపెట్టె మా గృహిణి ఒడిలో. రేకు గలగలమంటున్నది. గట్టు పొడుగునా చేతులు లేస్తూనే ఉన్నాయి, మేము తల ఊపి వెళ్ళిపోయాము. “అయ్యగారు పిలిచినా ఆగలేదు” అని ఒక పెద్దాయన వారము రోజులు మాతో మాట్లాడలేదు. రాత్రి సీసాను ఒకరి ఫ్రిజ్‌లో ఉంచి, తెల్లవారుజామున కోళ్ళు గూళ్ళు విడవకముందే మొదలుపెట్టాము. గ్రామ సచివాలయములో పని చేసే పశుసంవర్ధక సహాయకురాలు, ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి, సూది వేసినది. మేము కోడిని పట్టుకున్న తీరు చూసి పుంజుల ఆసామి, “అలా కాదండి అయ్యగారూ, రెక్కలు విరుగుతాయి” అని, అరచేయి రొమ్ము కింద పెట్టి, కాళ్ళు వేళ్ళ సందున పట్టి ఎత్తి చూపించారు. కోడి కిక్కురుమనలేదు. ఆయన తన పదహారు అయ్యాక ఇంటికి వెళ్ళిపోతారనుకున్నాము. చివరి పాక వరకు వచ్చారు. గంటా నలభై నిమిషములలో ముగిసినది.

పందెములను మేము ఇప్పటికీ ఒప్పుకోము. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము కూడా ఒప్పుకోదు. ఆ మాట టీ తాగుతూ ఆయనతో అన్నాము. “సంక్రాంతికి చూద్దాం లెండి” అని నవ్వారు. ఇప్పుడు మేము ఆ ఇంటి ముందు తల తిప్పుకోము. మాట అనవలసి వస్తే ఆగి అంటాము.

2025 ఫిబ్రవరిలో మా జిల్లాలోనే వేల్పూరులోను, పక్క జిల్లాలో కానూరులోను కోళ్ళ ఫారములలో బర్డ్ ఫ్లూ అని తేలినప్పుడు ఊరంతా బెదిరినది. అది వేరు, ఇది వేరు. కొక్కెర టీకా దానికి పనిచేయదు. ఒక్కసారిగా ఎక్కువ కోళ్ళు చచ్చిపోతే ఏ తెగులో మనము తేల్చుకోకుండా, ఒట్టి చేతులతో తాకకుండా, వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పాలి. అప్పుడు మా ఊరివారు పరుగెత్తి వచ్చి చెప్పినది ఆ సచివాలయపు అమ్మాయికే. లెక్కల పుస్తకము పుణ్యమా అని ఆమె అందరికీ తెలుసు.

మామ్మగారికి మా పెట్ట పొదిగిన మొదటి పదకొండింటిలో అయిదు పిల్లలను ఇచ్చాము. డబ్బు తీసుకోని మనిషి పిల్లలను తీసుకున్నారు, అదీ రెండు పుంజులు వద్దు, పెట్టలే కావాలని బేరమాడి. ఒకదానిని గద్ద తన్నుకుపోయినది. మిగిలినవి ఎదిగి, పొదిగి, ఇప్పుడు ఆమె గూట్లో ఏడు ఉన్నాయి. గంపలో మేకు కూడా ఉన్నది.

ఈ నెల మళ్ళీ లెక్క వ్రాసుకుంటున్నాము. నిన్నటికి ఎనభై ఎనిమిది. పుంత అవతల ఇంకా నాలుగిండ్లు మిగిలాయి. ఎండ కొంచెము తగ్గితే బండి తీయాలి.